చుక్కి ఆగిన గుమ్మం

ఉదయం ఏడింటి పరిమళప్రసారం మొదలయ్యే వేళకు డాక్టర్ మానుపాటి దమయంతి తన రెండు పందుల పెంటను పుల్లతో విడదీసి వాసన చూస్తోంది.

కాలువకు ఆవలి గట్టున పారిజాత విహార్ నాలుగు అంతస్తులతో తెల్లగా నిలబడి ఉంది. ఆ రోజు సంపెంగ. ప్రసారం అందగానే బాల్కనీల్లో కాఫీ తాగుతున్నవారందరూ ఒక్కసారిగా కళ్ళు అరమోడ్చి, ఒక్కసారిగా ఊపిరి పీల్చి, ఒక్కసారిగా తృప్తిపడ్డారు. ఆ బాల్కనీల కిందే నెలల తరబడి ఎవరూ ఎత్తని చెత్తగుట్ట ఎండకు ఉబ్బి ఉంది. దాని అంచున మొన్న చచ్చిన కుక్క ఉంది. దాన్ని చూడనివారు అక్కడ ఎవరూ లేరు. కానీ కంపు కొట్టని శవం వారి లెక్కలో శవం కాదు, పక్కకు తప్పుకుని నడవవలసిన ఒక వస్తువు.

"గట్టిగా ఉందా డాక్టరమ్మా?" అంటూ పరాంకుశం మాస్టారు కర్రల వంతెన దాటి వచ్చారు. చేతిలోని కుడితి బకెట్టు అడుగడుగునా ఒలుకుతోంది.

"ఏది మాస్టారూ? పెంటా, నా ఒళ్ళా?"

"రెండూ."

"ఒళ్ళు బాగానే ఉంది. చిన్న పంది బొండం పెంట మాత్రం పులుపు తిరిగింది. నిన్న మీరు తెచ్చిన పెరుగన్నం పాడైపోయింది."

"పాచిసూచి పచ్చగానే ఉందే. నేనూ అదే తిన్నాను."

"అయితే రేపు మీదీ పట్టుకురండి, చూసి చెబుతాను."

మాస్టారు నవ్వుతూ కుడితిని తొట్టిలో ఒంపారు. బకెట్టు పిడి చప్పుడుకే బురదగుంటలోంచి లేచి వచ్చిన చుక్కి, తొట్టి వైపు పోకుండా ముందు ఆయన చెప్పులను, పాదాలను, పంచె అంచును శ్రద్ధగా మూచూసి, రెండుసార్లు పొట్టిగా గుర్రుమని, ఆ తర్వాతే తిండికి మళ్ళింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ ఆడపంది మూడేళ్ళుగా అక్కడే ఉంది. బొండం ఈ ఏటిది. మర్యాదలు తెలియవు, తిన్నగా తొట్టిలో తల దూర్చింది.

దమయంతికి అరవై ఎనిమిదేళ్ళు. పశువైద్యశాఖలో పనిచేసి రిటైరైంది. ఎరుకల ఇంట పుట్టింది. నాయనమ్మ వదిలి వెళ్ళిన ముప్పై సెంట్ల నేలలో కొంత కూరగాయలకు, కొంత ఇంటికి పోగా, మిగిలిన చోట ఊక పరిచిన పాక వేసి, పక్కన గుంట తవ్వి, ఒక జత పందులను పెంచుతోంది. ఇందులో మమకారమేమీ లేదని ఆమె స్పష్టంగా చెబుతుంది. పంది మాంసం బాగుంటుంది, పంది ఎరువు బాగుంటుంది, కాలువకు ఆవలి మనుషుల ముఖాలు పందిని చూసినప్పుడు ఇంకా బాగుంటాయి.

ఆ ముఖాలన్నిటి లోపలా జల్లెడ ఉంది. దాని అసలు పేరు ఘ్రాణశోధిని. ముక్కు పైభాగాన, వాసన నాడులు మొదలయ్యే చోట, ఐదో ఏటనే అమర్చే ఆవగింజంత పరికరం. పూటపూటకూ వచ్చే పరిమళప్రసారాన్ని అందుకునేది అదే. ఏ వాసన మెదడు దాకా వెళ్ళవచ్చో, ఏది వెళ్ళరాదో అది నిర్ణయిస్తుంది. అది నిర్ణయించేందుకు వీలుగా నిపుణుల సంఘమొకటి కూర్చుని లోకంలోని వాసనలన్నిటినీ రెండు రాశులు పోసింది. మల్లె, నెయ్యి, అగరు, తడిమట్టి సుగంధాలు. చెమట, మురుగు, ఎండుచేప, పంది, పసిపిల్లల ఉచ్చగుడ్డలు దుర్గంధాలు. ఎవరి వంటింట్లో ఏది ఉడుకుతుందో తెలిసినవారెవరైనా ఆ రాశులు పోసిన చేతులు ఎవరివో ఇట్టే చెప్పగలరు.

కంపు పోయాక శుభ్రత ఎందుకన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. చెత్తబండ్లు రావడం తగ్గింది. మురుగుకాలువల మూతలు ఊడితే వాటిని తిరిగి వేసినవారు లేరు. అన్నం పాచిపోయిందీ లేనిదీ గిన్నె అంచున అతికించిన పాచిసూచి చెప్పేది: పచ్చగా ఉంటే తినేవారు, ఎర్రబడితే పారేసేవారు, అది చెడిపోయిన రోజున ఆస్పత్రికి పోయేవారు. ఈ మొత్తాన్ని ప్రభుత్వ ప్రకటనలు ‘దుర్గంధ విముక్తి’ అన్నాయి. దుర్గంధం అంగుళం కూడా కదలలేదని, విముక్తి పొందినది ముక్కులు మాత్రమేనని దమయంతి అన్నప్పుడు, ఆమె వెనకబడిన మనిషి అన్నారు. పశువు ఊపిరి వాసన పట్టలేని పశువైద్యురాలు పశువైద్యురాలే కాదని చెప్పి ఆమె జల్లెడ వేయించుకోలేదు. రిటైరయ్యాక వేయించుకోవచ్చు కదా అన్నవారికి, "మీరు రిటైరయ్యాక కళ్ళు తీయించుకున్నారా?" అని జవాబిచ్చింది.

"సరే, చెప్పండి. ఇవాళ ఎలా ఉంది?" అన్నారు మాస్టారు, తిరగేసిన గంప మీద కూర్చుంటూ.

ఇది ఆయనకు రోజూ ఉన్న అలవాటు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. తనకు అందని రాశిని ఎవరైనా వర్ణిస్తే వినడం ఇష్టం.

"తడిసిన గోనెసంచిలో పులిసిన తవుడు. దాని అడుగున కాస్త వెచ్చగా, పసిపిల్ల మాడు లాంటిది."

"పసిపిల్ల మాడు ఎలా ఉంటుంది?"

"మీ నిపుణులను అడగండి. దుర్గంధాల్లో వేసింది వాళ్ళే."

మాస్టారు ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పారు. "మా ఆవిడ తలకు ఆముదం రాసుకునేది. ఆ కంపు భరించలేకే కదా, కొత్తగా వచ్చిన రోజుల్లో ఊరందరికన్నా ముందు నేను వేయించుకున్నాను. ఆవిడ పోయాక దిండు తీసి చూస్తే ఏమీ లేదు. గుడ్డ, దూది. అంతే."

"తీయించుకోండి మరి."

"నాడులు దాని చుట్టూ అల్లుకుపోయాయట. జల్లెడతో పాటు ముక్కూ పోతుందన్నారు."

దమయంతికి జాలి కలిగింది. దాని వెంటే ఎప్పటిలాగే కాస్త తిరస్కారమూ కలిగింది. మాస్టారు మంచివారు, కానీ ఆయన మంచితనానికి వెన్నెముక లేదని ఆమె అభిప్రాయం. బడిపిల్లలకు జల్లెడ తప్పనిసరి చేసినప్పుడు సభలో కాదంటానని ఆమెకు మాట ఇచ్చి, తీరా సభలో పక్కవాళ్ళ ముఖం చూసి నోరు మూసుకున్న మనిషి.

వంతెన మీద మళ్ళీ అడుగుల చప్పుడైంది. ఈసారి చెన్నాప్రగడ సుధాంశు వచ్చాడు. పారిజాత విహార్ నివాసుల సంఘానికి అధ్యక్షుడు. గేటు బయటే, బురద అంటని చోటు చూసుకుని నిలబడ్డాడు.

"నమస్కారం మేడమ్. మీరంటే మా అందరికీ చాలా గౌరవమండీ."

"అసలు సంగతికి రండి. గౌరవం వెనకాల ఎప్పుడూ నోటీసే ఉంటుంది."

"అదే, ఈ పందుల గురించి. మావాళ్ళు ఇబ్బంది పడుతున్నారండీ."

"వాసన వస్తోందా?"

"అబ్బే, వాసనెలా వస్తుందండీ. అందరికీ జల్లెడలు ఉన్నాయి కదా."

"మరి?"

"వస్తోందని తెలుస్తోంది కదండీ. అదీ ఇబ్బంది."

"రాని వాసన వస్తోందని ఎలా తెలుస్తోంది నాయనా?"

సుధాంశు ఆమె అజ్ఞానానికి కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు. "పందులు కనిపిస్తున్నాయి కదండీ."

దమయంతి పుల్లను బురదలో గుచ్చి లేచి నిలబడింది. ఆమె నాయనమ్మ వెదురుబుట్టలు అల్లి అమ్మేది. పెద్దిళ్ళవారు ఆ బుట్టల్లో పెళ్ళిసారె పెట్టుకునేవారు; పెట్టుకోబోయే ముందు మాత్రం పసుపునీళ్ళు చల్లి లోపలికి తీసుకునేవారు. ఏమ్మా, ఎందుకలా అని అడిగితే, నిన్నేమీ అనడం లేదే, పందుల వాసన కదా అనేవారు. తరతరాలుగా చెప్పిన కారణం అదొక్కటే. ఇప్పుడు ఆ కారణాన్ని విజ్ఞానశాస్త్రం ముక్కులోంచి పెరికి పారేసింది. కారణం పోయినా చుట్టూ కట్టిన దడి మాత్రం చెక్కుచెదరలేదు.

"చట్టం తెలుసు కదండీ," సుధాంశు గొంతు సవరించుకున్నాడు. "పక్క నివాసులు ఏకగ్రీవంగా తీర్మానిస్తే జంతువులను తరలించాలి. సభలో మీ మాట కూడా వింటాం. తర్వాత వాటిని తీసుకుపోవడానికి బండి వస్తుంది."

"ఏకగ్రీవమంటే ఒక్కరు కాదన్నా చెల్లదుగా?" అన్నారు మాస్టారు గంప మీంచే.

"చెల్లదండీ. కానీ ఎవరంటారు?"

"నేనంటాను. రేపు పొద్దున్నే కుడితి ఇచ్చి, తిన్నగా మీ దగ్గరికే వచ్చి చెబుతాను."

సుధాంశు ఒకసారి బకెట్టు వైపు, ఒకసారి మాస్టారి పంచె వైపు చూసి వెళ్ళిపోయాడు. దమయంతి మాస్టారితో అంది: "ఈసారి పక్కవాళ్ళ ముఖం చూడకండి."

"పంది ముఖం చూస్తానులెండి," అన్నారాయన.

మర్నాడు మాస్టారు రాలేదు.

ఆ మర్నాడూ రాలేదు. చుక్కి ఏడింటికల్లా గేటు దగ్గరికి వచ్చి, తల కమ్మీల మధ్య దూర్చి నిలబడి, ఎండెక్కాక వెనక్కి పోయేది. దమయంతి తవుడు కలిపి తానే పెట్టింది. కాలువ మీంచి గాలి వీచినప్పుడల్లా కుళ్ళిన వాసన ఒకటి వచ్చేది. చెత్తగుట్ట మీద కుక్క ఉన్నది కదా అనుకుంది. కారణం కళ్ళెదుట కనిపిస్తున్నప్పుడు మరో కారణం వెతకకపోవడం శాస్త్రీయమేనని ఆమె నమ్మకం.

ఆ వారంలోనే సుధాంశు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాడు. ముఖంలో వెలుగు ఉంది.

"ఏకగ్రీవమేనండీ. శనివారం సభలో ప్రకటిస్తాం."

"మాస్టారు?"

"ఆయనా అంగీకరించినట్టేనండీ."

దమయంతి ఇంకేమీ అడగలేదు. అడగవలసిన ప్రశ్న ఒకటుందని, అడగడం తన వృత్తిధర్మమని ఆమెకు మామూలు రోజుల్లో అయితే తట్టేది. కానీ ఆ ‘అంగీకరించినట్టే’ అన్న మాట ఆమె ముందునుంచీ వేసుకున్న అంచనాలో సరిగ్గా అతికింది. అనుకున్నదే అయినప్పుడు మనిషికి ఒక నీచమైన ఆనందం కలుగుతుంది. మాస్టారు మళ్ళీ పక్కవాళ్ళ ముఖం చూశారు. చూసి, ఇప్పుడు ఈ ముఖం చూడలేక దాక్కున్నారు. వంతెన దాటి వెళ్ళి తలుపు తట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలకు తగిన మనిషి ఆయన కాదని ఆమె తీర్మానించుకుంది. ఈ తీర్మానమూ ఏకగ్రీవమే, సభ్యురాలు ఒక్కతే.

శనివారం సాయంత్రం ఉతికిన చీర కట్టుకుని, మాట్లాడవలసిన నాలుగు ముక్కలూ మనసులో పదును పెట్టుకుని పారిజాత విహార్‌కు వెళ్ళింది. సభ పై అంతస్తు మీది హాల్లో. లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకోగానే హైమవతి అనే ఆవిడ మైసూరు బజ్జీల పళ్ళెంతో ఎదురుగా నిలబడి ఉంది.

"మీరూ పైకేనా డాక్టరుగారూ? కాస్త జరగండి," అంటూ లోపలికి అడుగు పెట్టింది.

దమయంతి జరగలేదు. లిఫ్టు లోపలికి హైమవతితో పాటు వచ్చిన ఆ వాసనను ఆమె ఎన్నో పాకల్లో, ఎన్నో వరదల తర్వాత ఎరుగును. దేనిలా ఉందో పోలిక వెతకనవసరం లేదు. అది దేనిలాగానూ ఉండదు.

"మీ ఎదుటి వాటాలో ఎవరుంటారు?"

"ఇంకెవరు, మీ పరాంకుశంగారే."

"ఆయన్ని చూసి ఎన్నాళ్ళైంది?"

"ఆయన ఎక్కువ బయటికి రారండీ. మొన్న మా మనవడి పుట్టినరోజుకు పిలుద్దామని వెళితే విశ్రాంతిలో ఉన్నారు."

"ఎవరు చెప్పారు?"

"తలుపు చెప్పింది." హైమవతి చూపించింది. గుమ్మం పక్కనున్న చిన్న తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి: గృహస్థు విశ్రాంతిలో ఉన్నారు.

దమయంతి లిఫ్టు దిగి, తలుపు మీద అరచేత్తో కొట్టింది. తర్వాత పిడికిలితో కొట్టింది. పైనుంచి నలుగురు దిగి వచ్చారు. వారి ముందు సుధాంశు.

"తలుపు పగలగొట్టించండి. లోపల మనిషి పోయి చాలా రోజులైంది."

"మీకెలా తెలుసండీ?"

"కంపు కొడుతోంది."

వారందరూ ఒకేసారి గాలి పీల్చారు. సాయంత్రపు ప్రసారం మొగలిపువ్వు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మాకేం రావడం లేదే," అన్నాడు సుధాంశు. "ఇలా ఒకరి ఇంట్లోకి చొరబడటం పద్ధతి కాదండీ. గోప్యత అని ఒకటుంది. పైగా మీకు ఇవాళ సభ ఉంది, అది ఆపాలని మీరు..."

"నాయనా, నీ కాలి కింద చూడు."

తలుపు కింది సందులోంచి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. అవి ఎన్ని రోజులుగా వస్తూ పోతూ ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఈగలకు జల్లెడ లేదు.

కావలివాడు గునపంతో తలుపు తీశాడు.

మాస్టారు వంటింటికీ గుమ్మానికీ నడుమ పడి ఉన్నారు. పంచె, పైవరకూ గుండీలు పెట్టుకున్న చొక్కా, ఒక కాలికి చెప్పు. చేతికి అందేంత దూరంలో కుడితి బకెట్టు మూతతో సహా నిలిచి ఉంది. నాడీపట్టీ అల్మారా మీద ఛార్జింగులో ఉంది. చేతికి లేని పట్టీని పరికరాల మహావ్యవస్థ విశ్రాంతి అని అర్థం చేసుకుని, ఆ సంగతినే రోజూ తలుపు మీద ప్రకటిస్తూ వచ్చింది. వంట గ్యాసుకు, పొగకు, పాచిపోయిన అన్నానికి సూచికలు కనిపెట్టిన మహామేధావులకు, మనిషి కూడా పాచిపోతాడని తట్టలేదు. దానికి వెనకటి రోజుల్లో ఇరుగుపొరుగు ముక్కులే సూచిక.

గదిలో అంతమంది ఉన్నారు. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. ఒకావిడ బజ్జీ నములుతూనే తలుపులోంచి తొంగి చూసి, చూశాక నమలడం ఆపింది. దమయంతి మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. అది మాస్టారికి తాను ఇవ్వగలిగిన మర్యాద అనిపించింది.

"ఆయన అంగీకరించారన్నావు," అంది సుధాంశు వైపు తిరగకుండానే.

"అంటే... నిబంధన అదండీ. మూడు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. ఆయన చెప్పలేదు."

"మౌనం అర్ధాంగీకారం అనేవాళ్ళు పెద్దలు. వాళ్ళు చాతకాక సగంలో వదిలేశారు. మీరు పూర్తి చేశారు."

ఆ మాట బాగానే తగిలింది. నలుగురూ తలలు దించుకున్నారు. దమయంతికి మాత్రం ఆ విజయం ఎంత పనికిమాలినదో మాట నోట్లోంచి రాగానే తెలిసింది. ఒక కాలికి చెప్పు. అంటే ఆయన బయలుదేరింది మాట ఇచ్చిన మర్నాటి పొద్దుననే. కుడితి ఇచ్చి తిన్నగా వెళ్ళి కాదంటానన్న మనిషి, అనడానికే బయలుదేరాడు. ఆ ప్రాంగణం మొత్తానికి పనిచేసే ముక్కు ఒక్కటే ఉంది. ఆ ముక్కు మీద కోపం పెట్టుకుని తాను కాలువకు ఇవతల కూర్చుంది. వాసన రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన వాసనను కుక్క ఖాతాలో వేసింది.

సభ ఆ రోజు జరగలేదు. పందుల తీర్మానాన్ని ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

దహనమయ్యాక భయం మొదలైంది. ముందు పారిజాత విహార్‌లో, తర్వాత పక్క కాలనీల్లో ఒంటరి వృద్ధుల తలుపులు తట్టి చూశారు. కొన్నిచోట్ల లోపలినుంచి జవాబు రాలేదు. ఆ తలుపుల మీద ఆకుపచ్చ అక్షరాలు నిశ్చింతగా వెలుగుతూనే ఉన్నాయి. తయారీదారులు విచారం వెలిబుచ్చి, శవగంధాన్ని సుగంధాల రాశిలోకి మార్చే అవకాశాన్ని పరిశీలిస్తున్నామని ప్రకటించారు. ఆ ప్రకటన విని దమయంతి ఆ పూట అన్నం తినలేకపోయింది. నవ్వు వల్లా మరో కారణం వల్లా అన్నది ఆమెకే తేలలేదు.

సుధాంశు మూడోసారి వచ్చినప్పుడు గేటు లోపలికి వచ్చాడు. చెప్పులకు బురద అంటింది, చూసుకోలేదు.

"మీరు మాకొక సాయం చేయాలండీ. రోజూ ఒకసారి వచ్చి, అన్ని అంతస్తులూ తిరిగి, తలుపుల దగ్గర కాస్త..." చేత్తో గాలిలో సున్నా చుట్టాడు.

"వాసన చూడాలి."

"ఘ్రాణపర్యవేక్షకురాలు అని పదవి పెడుతున్నామండీ. మిగతా కాలనీలవాళ్ళు కూడా జల్లెడ లేనివాళ్ళ కోసం వెతుకుతున్నారు. కొండదిగువ గూడేల్లో, చేపల పల్లెల్లో ఇంకా కొందరున్నారట. వాళ్ళను పిలిపిస్తున్నారు."

"ఎక్కడ ఉంచుతారు వాళ్ళను?"

"గేటు పక్కన గదులు కడుతున్నారండీ. విడిగా. వాళ్ళకూ సౌకర్యంగా ఉంటుందని."

దమయంతి అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. వ్యంగ్యం లేదు, దురుద్దేశం లేదు, తానేం చెబుతున్నాడో అన్న అనుమానం కూడా లేదు. కంపును రద్దు చేసిన లోకం, ఆ కంపును తన తరఫున భరించడానికి కొందరు మనుషులు కావాలని, వాళ్ళు విడిగా ఉండాలని, ఎవరూ నేర్పకుండానే, పాత తోవ వెతుక్కుని పోయి మళ్ళీ కనిపెట్టింది. దీనికి శాస్త్రవేత్తలు అవసరం లేకపోయారు. ఒక అధ్యక్షుడు సరిపోయాడు.

"వస్తాను," అంది.

అతను ఆశ్చర్యపోయాడు. బహుశా ఆమె కూడా.

"నీ పదవి నీ దగ్గరే పెట్టుకో. పందులు ఇక్కడే ఉంటాయి. ఇంకోటి. నా ముక్కు ముసలిది. ఈమధ్య ఒకసారి తప్పు చేసింది. దానికన్నా నమ్మదగ్గ ముక్కు ఒకటి నా దగ్గరుంది. నాతో పాటు అదీ వస్తుంది."

సుధాంశు చూపు మెల్లగా బురదగుంట వైపు తిరిగింది. చుక్కి అతన్నే చూస్తోంది.

"లిఫ్టులోనా?" అన్నాడు.

"నాలుగు అంతస్తులు మెట్లెక్కితే దానికి కాళ్ళు నొప్పి."

ఆ విధంగా పారిజాత విహార్ చరిత్రలో మొదటిసారిగా ఒక పంది ముందుద్వారం గుండా ప్రవేశించింది. దమయంతి దాన్ని స్నానం చేయించి, ఛాతీ చుట్టూ పగ్గం కట్టి తీసుకువెళ్ళింది. అద్దాల లిఫ్టులో చుక్కి తన ప్రతిబింబాన్ని గంభీరంగా పరిశీలించి, ఆక్షేపణ ఏమీ చెప్పలేదు. నున్నటి పాలరాతి వరండాల్లో దాని గిట్టలు టకటకమని మోగాయి. ప్రతి గుమ్మం దగ్గరా ముట్టె ఆనించి, లోపలి మనిషి వెచ్చగా ఉన్నాడని తెలుసుకుని, ముందుకు సాగింది. తలుపుల వెనక మాటలు ఆగిపోయేవి. పిల్లలు చూస్తామని గోల చేస్తుంటే పెద్దలు లోపలికి లాగేవారు. "అంటుకుంటుందే, రా ఇటు," అన్న గొంతు ఒకటి వినిపించింది. ఏం అంటుకుంటుందో ఆ గొంతుకు తెలియదు. తెలుసుకునే అవయవాన్ని అది చిన్నప్పుడే మూయించుకుంది.

మూడో అంతస్తు నుంచి దిగుతూ దమయంతి మెట్ల సందులోంచి పైకి చూసింది. వారు దాటివచ్చిన ప్రతి గుమ్మమూ తెరుచుకుంటోంది. ప్రతి ఇంట్లోంచీ ఒకరు బకెట్టూ గుడ్డా పట్టుకుని వచ్చి, పంది ముట్టె ఆనిన చోటును, దమయంతి నిలబడిన చోటును మందునీళ్ళతో కడుగుతున్నారు. వాసన అంటే ఏమిటో ఎరగని మనుషులు వాసన పోయేదాకా రుద్దుతున్నారు. పసుపునీళ్ళు మారి మందునీళ్ళయ్యాయి. శాస్త్రం సాధించిన ప్రగతి ఆ మేరకు నిజమే.

రెండో అంతస్తులో చుక్కి ఆగింది.

మాస్టారి వాటాకు తాళం వేసి ఉంది. లోపలంతా ఎప్పుడో కడిగించి, సున్నం వేయించి, తలుపు మీది తెర కూడా తీసేశారు. కానీ గడపను ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్ళ పాటు ప్రతి ఉదయం ఒలికిన బకెట్టు ఆ గడప రాతికి, పక్కనున్న గోడ అంచుకు తన గుర్తు వదిలింది. చుక్కి ముట్టెను ఆ రాతి మీద ఆనించి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా శ్రద్ధగా మూచూసింది. తర్వాత తల ఎత్తి తలుపు వైపు చూస్తూ, రెండుసార్లు పొట్టిగా గుర్రుమంది.

దమయంతి పగ్గం లాగలేదు. ఆ భవనం మొత్తంలో ఆయన కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. అది తనంతట తాను కదిలేదాకా ఆమె పక్కనే నిలబడింది.

ఎదుటి తలుపు కొద్దిగా తెరుచుకుంది. సందులోంచి హైమవతి చూస్తోంది. ఆమె చేతిలో అప్పటికే బకెట్టు ఉంది.

"అయిందాండీ?" అని మర్యాదగానే అడిగింది.

ఆ ఒక్క గడపను కడగవద్దని చెప్పాలనుకుంది దమయంతి. చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే, అక్కడ ఏముందో చెప్పాలి. అక్కడ ఉన్నదాన్ని తెలుసుకోలేని మనిషికి, అది పోతే పోయేదేమిటో ఏ భాషలో చెప్పడం? పైగా వీళ్ళను అడగడమా, నేనా, అన్న పాత అహంకారం అడ్డం వచ్చింది. "అయింది," అని పగ్గం పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది. తలుపులు మూసుకుంటుండగా నీళ్ళు ఒంపిన చప్పుడు వినిపించింది.

మర్నాడు ఏడింటికి ప్రసారం జాజి. దమయంతి, చుక్కి మళ్ళీ వెళ్ళారు. నాలుగో అంతస్తు, మూడో అంతస్తు. గుమ్మాలు, గుసగుసలు, వెనకాల నీళ్ళ చప్పుడు. రెండో అంతస్తులో మాస్టారి గడప తెల్లగా మెరుస్తోంది. చుక్కి దాని ముందునుంచి, తల కూడా తిప్పకుండా, టకటకమని నడిచి వెళ్ళిపోయింది.

పగ్గం బిగిసింది. దమయంతి దాన్ని పట్టుకునే మోకాళ్ళ మీదికి వంగి, నెరిసిన తలను ఆ రాతికి ఆనించి, ఊపిరి గట్టిగా పీల్చింది. మందునీళ్ళు. మళ్ళీ పీల్చింది. మందునీళ్ళే.

వెనక ఎదుటి తలుపు తెరుచుకుంది. హైమవతి బకెట్టు పట్టుకుని, ఈవిడ లేస్తే కడుగుదామని, ఓపిగ్గా నిలబడి ఉంది.